ఏ గాలిలో అతికించావు?

ఏప్రిల్ మూడోవారం, మధ్యాహ్నం రెండున్నరప్పుడు హైదరాబాదు నుంచి ఫోన్. "అన్నా, గిటారు పగిలింది. ఎవరూ ముట్టుకోలేదన్నా. గోడకి తగిలించే ఉంది. పక్కగదిలో పడుకుని ఉంటే టప్పుమని చప్పుడైంది" అన్నాడు కుర్రాడు. గొంతులో కోపం లేదు. ఏదో తప్పు తానే చేసినట్టు మాట్లాడాడు. అదే నన్ను ఎక్కువ కోసింది.

అది నేను చేసిన నాలుగో గిటారు. డబ్బు తీసుకుని చేసినవాటిలో మొదటిది. ఫోటో పంపాడు. తీగలు కట్టే బ్రిడ్జి వెనక నుంచి అడుగు అంచు దాకా, స్ప్రూస్ చెక్క పోగు వెంట, తిన్నగా గీత గీసినట్టు పగులు. ఉబ్బెత్తుగా ఉండాల్సిన టాప్, అంటే ముందు పలక, చదునైపోయి లోపలికి దిగింది. దాంతోపాటు బ్రిడ్జీ దిగి, తీగలు మెడ మీది లోహపు మెట్ల మీద, అంటే ఫ్రెట్ల మీద, పడి జివ్వుమంటున్నాయి.

నెల ముందు అతనొకసారి ఫోన్ చేశాడు. మెడ పక్కన ఫ్రెట్ల కొసలు అరచేతికి గుచ్చుకుంటున్నాయని చెప్పాడు. సన్నటి ఆకురాయితో రుద్దించుకోమని చెప్పి ఊరుకున్నాను. ఫ్రెట్ల లోహం పెరగదు, చెక్కే కుంచించుకుపోయి వాటి కొసలు బయటపడతాయి. గిటారు ఎండిపోతోందని నెల ముందే నాకు కబురు పెట్టింది. ఆ కబురు చదవడం నాకు రాలేదు.

తర్వాత చాలా రోజులు కారణం వెతికాను. స్ప్రూస్ పంపినవాళ్లని తిట్టుకున్నాను. జిగురు పాతదేమో అనుకున్నాను. టాప్ మరీ పల్చగా చిత్రిక పట్టానేమో అనుకున్నాను, కానీ లెక్క పుస్తకంలో 2.9 మిల్లీమీటర్లని రాసి ఉంది, స్టీలు తీగల గిటారుకి అది సరైన మందమే. చివరికి అదే పుస్తకంలో కారణం దొరికింది. టాప్ వెనక బ్రేసులు, అంటే బలానికి వేసే చెక్క బద్దలు, అతికించిన రోజు: ఆగస్టు 19. పక్కనే నా చేత్తో నేనే రాసుకున్న మాట: "మూడు రోజులుగా ముసురు."

మాది విశాఖపట్నం. సముద్రం నుంచి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆగస్టు ముసురులో మేడమీద గదిలో, కిటికీలు తీసిపెట్టి, గాలిలో తేమ ఎంతుందో చెప్పే సాధనం ఒక్కటి కూడా లేకుండా గిటారు అతికించాను. అదే గదిలో ఒక మూల, ఏడాది పొదుపు పెట్టి కొన్న రోజ్‌వుడ్ సెట్టు (వెనక పలక, పక్కచెక్కలు) బట్టలో చుట్టి ఉంది.

ఆరేళ్లలో తొమ్మిది గిటార్లు చేశాను. ఇది పెద్ద లెక్కేం కాదు, ఈ పనిలో నేనింకా నేర్చుకునేవాణ్నే. అయినా ఒక మాట మీద మాత్రం గట్టిగా నిలబడతాను. మన కోస్తాలో గిటారు చెయ్యాలనుకునేవాడు మంచి చెక్క కొనే ముందు తన గదిలో గాలిని అదుపులోకి తెచ్చుకోవాలి. నాకు ఫోన్ చేసే ప్రతి కుర్రాడూ మొదట అడిగేది "అన్నా, ఏ చెక్క?" అనే. కొనేవాళ్లూ అంతే, "రోజ్‌వుడ్డేనా?" అంటారు. ఏ గాలిలో అతికించావని ఇప్పటిదాకా నన్ను ఒక్కరూ అడగలేదు.

మా వీధి చివర ఒక వడ్రంగి తాతగారు ఉన్నారు. పగిలిన గిటారు తిరిగొచ్చాక ఆయనకి చూపించాను. గిటారు ఆయనకి కొత్త, చెక్క కొత్త కాదు. పగులు మీద బొటనవేలు పెట్టి నిమిరి, "సెక్క సచ్చిపోనాదనుకుంతన్నావేటి బాబూ? అది నీరు తాగుతాది, కక్కుతాది. తలుపు సూడు, శ్రావణంలో బిగుసుకుపోద్ది, సైత్రంలో ఊగుతాది" అన్నారు. తర్వాత వాళ్లింటి పాత టేకు తలుపు దగ్గరికి తీసుకెళ్లి నడిమి పలకలు చూపించారు. చట్రానికి కుసులు బిగించి ఉన్నాయి, లోపలి పలకలకి మాత్రం ఎక్కడా జిగురు లేదు. గాడిలో వదులుగా కూర్చున్నాయి. వానాకాలం పెరగడానికీ, ఎండాకాలం తగ్గడానికీ వాటికి చోటు వదిలారు. ఆ తలుపు వాళ్ల నాన్నగారు చేసిందట. ఒక్క పగులు లేదు.

గిటారులో ఆ చోటు ఎక్కడా లేదు. టాప్ చుట్టూ అంచంతా జిగురుతో పక్కచెక్కలకి బిగిసిపోయి ఉంటుంది. వెనక బ్రేసులు చెక్క పోగుకి ఏటవాలుగానో అడ్డంగానో అతికి ఉంటాయి. అమెరికాలో మార్టిన్ కంపెనీ 1840ల నాటికే వాడిన ఎక్స్ ఆకారపు బ్రేసింగే ఇవాళ్టికీ స్టీలు తీగల గిటార్లకి ఆధారం. చెక్క పోగు పొడవునా దాదాపు కదలదు, కదలికంతా అడ్డంగానే. అంటే బ్రేసు ఒకవైపు పట్టుకుని ఉంటుంది, టాప్ ఇంకోవైపు కుంచించుకుపోవాలని చూస్తుంది. పైగా తీగల లాగుడు. మామూలు లైట్ సెట్టు స్టీలు తీగలు ఆరూ కలిపి డెబ్బై కిలోలు దాటి లాగుతాయి. మూడు మిల్లీమీటర్లు కూడా లేని పలక మీద ఒక నిండు మనిషి రాత్రీపగలూ వేలాడుతున్నట్టు.

లెక్క కూడా చెప్తాను, నన్ను మార్చింది ఆ లెక్కే. గాలిలో తేమ 75 శాతం ఉన్నచోట చెక్కని వదిలేస్తే, దాని బరువులో దాదాపు 14 శాతం నీరు పట్టుకుని స్థిరపడుతుంది. 45 శాతం తేమలో అయితే ఎనిమిదిన్నర దగ్గర. 20 శాతం తేమలో నాలుగున్నర. సిట్కా స్ప్రూస్ పలక ఆ నీటిలో ఒక్కో శాతం పోగొట్టుకున్నప్పుడల్లా అడ్డంగా సుమారు 0.15 శాతం తగ్గుతుంది. పెద్ద గిటారు అడుగుభాగం వెడల్పు 400 మిల్లీమీటర్లు. విశాఖ ముసురులో 75 దగ్గర అతికించిన టాప్‌ని హైదరాబాదు ఏప్రిల్ ఎండలో 25కో 20కో తీసుకెళితే, అది దాదాపు ఆరు మిల్లీమీటర్లు తగ్గాలని చూస్తుంది. అంచులు అతికి ఉన్నాయి, బ్రేసులు వదలవు. ముందు ఉబ్బు చదునవుతుంది. అదీ చాలకపోతే పగులుతుంది. అదే టాప్ 45 దగ్గర అతికించి ఉంటే, తగ్గాల్సింది రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. టాప్‌కీ వెనక పలకకీ గోళంలో ముక్కలాంటి కొద్దిపాటి ఉబ్బు ఇస్తాం కదా, అంతమేర తగ్గుదలని ఆ ఉబ్బు మింగేస్తుంది.

తెలుగు నేల మీదే ఇలా రెండు గాలులున్నాయి. ఒకటి కోస్తాది, ఎండాకాలంలోనూ చెమట ఆరనివ్వదు. రెండోది తెలంగాణ, రాయలసీమ మెట్టప్రాంతాలది, మార్చి దాటితే పెదవులు పగిలేలా చేస్తుంది. ఇక మన పిల్లలు అమెరికాలో చలికాలం హీటర్లు వేసుకునే ఇళ్లలో ఉంటారు, ఆ గదుల్లో తేమ హైదరాబాదు ఎండాకాలం కన్నా కిందికి దిగుతుంది. విశాఖలో చేసిన గిటారు విశాఖలోనే ఉంటుందని నేనెలా అనుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యం వేస్తుంది.

పెద్ద కంపెనీలు తమ పనిగదుల్ని ఏడాది పొడవునా 45, 50 శాతం తేమ మధ్య ఎందుకు ఉంచుతాయో ఈ లెక్క వేశాకే నాకు అర్థమైంది. అప్పటిదాకా అదొక ఖరీదైన ఆడంబరం అనుకునేవాణ్ని.

మరి చెక్కకి విలువ లేదా? టాప్‌కి ఉంది, చాలా ఉంది. తేలిగ్గా, బిగువుగా, తిన్నటి పోగుతో ఉండే స్ప్రూస్ లేదా సీడర్ కావాలి. దానికి ఖర్చు పెట్టండి. నా గొడవ వెనక పలక, పక్కచెక్కల మీద మనకున్న మోజుతో.

స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ అనే ఆయన ఉండేవాడు. ఇవాళ్టి క్లాసికల్ గిటారు రూపం చాలావరకు ఆయన చేతుల్లో కుదురుకున్నదే. 1862లో ఆయన ఒక గిటారు చేశాడు. టాప్ మంచి స్ప్రూస్, వెనకా పక్కలూ అట్ట. గిటారు గొంతు టాప్‌లోనే ఉంటుందని చూపించడానికి చేశాడు. ఆ గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. 1995లో టేలర్ కంపెనీ సామాన్లు మోసే ప్యాలెట్ నుంచి ఊడదీసిన ఓక్ చెక్కతో వెనకా పక్కలూ చేసి ఒక గిటారు చూపించింది, మేకుల బెజ్జాలతో సహా. ఇంకా దగ్గరి సాక్ష్యం ఇంగ్లండు నుంచి. లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒకే చేతితో, ఒకే నమూనాలో ఆరు గిటార్లు చేయించారు. తేడా వెనక, పక్కచెక్కల్లో మాత్రమే. వాటిలో బ్రెజిల్ రోజ్‌వుడ్, మన రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, వాల్‌నట్ ఉన్నాయి. ఏది ఏదో కనిపించకుండా చేసి 52 మంది గిటారిస్టుల చేత వాయింపించారు. 2018లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఖరీదైన చెక్కకీ చవక చెక్కకీ వాళ్లు ఇచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

మన రోజ్‌వుడ్ కథ కూడా చెప్పుకోవాలి. తెలుగులో దాన్ని జిట్టేగి అంటారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై 1969లో మార్టిన్ కంపెనీ మన రోజ్‌వుడ్‌కి మారింది, ప్రపంచమంతా ఆ దారే పట్టింది. అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం కింద 2017లో దానిమీద పర్మిట్ల నియంత్రణ వచ్చింది, 2019లో తయారైపోయిన వాద్యాలకి మినహాయింపు దొరికింది. చెట్టు మాత్రం అడవిలో నెమ్మదిగానే పెరుగుతుంది. దాన్ని మొదటి గిటార్ల మీద ప్రయోగానికి పెట్టడం నాకిప్పుడు తప్పుగా తోస్తుంది. నేను ఆ తప్పు చేశాను. రెండో గిటారు పక్కచెక్క నడుము దగ్గర వంచుతుంటే నా చేతుల్లోనే విరిగింది.

పనస చెక్క గురించి రెండు మాటలు. ఫిలిప్పీన్స్‌లోని సెబూ ప్రాంతంలో గిటార్లు చేసేవాళ్లు పనస చెక్కని తరతరాలుగా వాడుతున్నారు. అది మన వీణ చెక్కే. నా ఏడో గిటారుకి వెనకా పక్కలూ పనస పెట్టాను. వేడి గొట్టం మీద వంచడం మొండిగా ఉంది, కానీ పసుపు రంగు ముదిరి తేనెరంగులోకి తిరిగాక చూసినవాళ్లెవరూ రోజ్‌వుడ్ ఊసెత్తలేదు.

ఇక్కడ ఒక పెద్దాయన నాతో వాదించారు. "గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల దగ్గర తేమ కొలిచే మీటర్లు ఏమున్నాయి? వాళ్లదీ మన గాలే కదా" అన్నారు. న్యాయమైన ప్రశ్న. బొబ్బిలి పక్కన గొల్లపల్లికి వెళ్లి ఒక పూటంతా కూర్చుని చూశాను. పనస దుంగని బాడిసతోనూ ఉలితోనూ తొలుస్తుంటే చూడటమే ఒక చదువు. ఏకాండి వీణలో కుండ, దండి అన్నీ ఒకే దుంగలోంచి వస్తాయి. గోడలు మందం. గిటారులోలా వేర్వేరు దిక్కుల పోగులున్న పల్చటి ముక్కల్ని ఒకదానికొకటి ఎదురుగా బిగించి కట్టే పని అందులో లేదు. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది మేళం. ఇరవైనాలుగు మెట్లనీ నల్లటి మైనం మీద, చెవితో స్వరం చూసుకుంటూ ఒక్కొక్కటిగా కూర్చోబెడతారు. కొన్నేళ్లకి మైనం పాతబడి మెట్టు జరిగితే మళ్లీ మేళం కట్టించుకుంటారు. వాద్యం మారుతుందని తెలిసి, ఆ మార్పుకి ముందే దారి వదిలిన పని అది. తాతగారి తలుపులో చూసిన తెలివే ఇక్కడా కనిపించింది. గిటారులో ఫ్రెట్ల చోటు లెక్కతో తేలిపోతుంది. 645 మిల్లీమీటర్ల తీగకి మొదటి ఫ్రెట్ ఎక్కడో, పన్నెండోది ఎక్కడో ముందే కోసేస్తాం. కోశాక ఇక జరపలేం. జరపడానికి వీల్లేని వాద్యం చేస్తున్నాం కాబట్టి, చేసే గడియలోనే జాగ్రత్త పడాలి.

స్పెయిన్‌లో పాతవాళ్లకి తేమ తగ్గించే మిషన్లు లేవు కదా అని కూడా అంటారు. నిజమే. కానీ వాళ్ల గిటారు పేరు తెచ్చుకున్న మాడ్రిడ్, గ్రనడా సముద్రానికి దూరంగా, ఎత్తు మీద ఉన్న ఊళ్లు. వేసవి గాలి ఎండుటాకులా ఉంటుంది. వాళ్లకి ఆకాశం ఇచ్చినదాన్ని మనం కరెంటుతో కొనుక్కోవాలి.

నేనిప్పుడు చేసే పద్ధతి చెప్తాను. మొత్తం వర్క్‌షాపు పొడిగా ఉంచే స్తోమత నాకు లేదు, అవసరమూ లేదు. కొయ్యడం, చిత్రిక పట్టడం, ఉలి పని ఏ గాలిలోనైనా చేసుకోవచ్చు. జిగురు ముట్టే పనులు మాత్రం చిన్న గదిలో: టాప్ రెండు ముక్కలు జోడించడం, బ్రేసులు, పెట్టె మూయడం, బ్రిడ్జి. ఎనిమిదడుగులకి పదడుగుల గది. కిటికీ సందులకి ఫోమ్ పట్టీలు, తలుపు కింద రబ్బరు, లోపల గాలిలో తేమ లాగేసే డీహ్యుమిడిఫైయర్ ఒకటి. ఆగస్టులో దాని తొట్టెలో నీళ్లు పారబోస్తున్నప్పుడల్లా, ఈ నీళ్లన్నీ ఒకప్పుడు నా గిటార్లలోకి వెళ్లేవి కదా అనుకుంటాను.

తేమ కొలిచే హైగ్రోమీటరు కొనగానే నమ్మొద్దు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా అయ్యేంత నీళ్లు కలిపి, మీటరుతో పాటు గాలిపోని డబ్బాలో రాత్రంతా ఉంచండి. తడి ఉప్పు పైన గాలి 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 69 చూపిస్తే అది ఆరు తక్కువ చెబుతోందని అట్టముక్క మీద రాసి దానికే అంటించండి. నా దగ్గరున్న మూడింట్లో ఒక్కటి కూడా నిజం చెప్పలేదు, అయినా మూడూ పనికొస్తున్నాయి.

మీటరు గాలి సంగతే చెబుతుంది. చెక్క సంగతి తూకం చెబుతుంది. జోడించిన టాప్‌ని వంటింటి డిజిటల్ త్రాసు మీద రోజూ ఒకే వేళకి తూచి పుస్తకంలో రాస్తాను. గదిలో పెట్టిన మొదటి రోజుల్లో గ్రాములు గ్రాములుగా దిగుతుంది, తర్వాత ఒకటి, తర్వాత ఏమీ లేదు. మూడు రోజులు ఒకే అంకె వస్తేనే బ్రేసుల పని. బ్రేసులు నొక్కిపెట్టడానికి సీలింగుకీ పలకకీ మధ్య వెదురు బద్దలు వంచి నిలబెడతాను. ఇరవై బద్దలు ధనుస్సుల్లా వంగి నిలబడి ఉంటే ఆ గది చూడ్డానికి చాలా బాగుంటుంది. జిగురు ఆరేదాకా కరెంటు పోకుండా ఉండాలి. పోతే తలుపు తెరవకుండా ఉండాలి. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు, ఆ గది తలుపు మీద చెయ్యి వెయ్యరు.

పాలిష్‌కీ ఇదే గాలి. లక్కని స్పిరిట్‌లో కరిగించి గుడ్డముద్దతో రుద్దే పాలిష్ ముసురు రోజున పాలలా తెల్లబడుతుంది. ఫర్నిచరు పాలిష్ చేసేవాళ్లకి ఇది ఎప్పుడో తెలుసు, వానరోజు పని ఆపేస్తారు. నేను వాళ్లని ముందే అడగాల్సింది.

55 శాతం దగ్గర చేస్తే మన వాతావరణానికి సరిపోతుంది కదా అని కొందరు తోటి పనివాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. తేమ ఎక్కువైన గిటారు ఉబ్బుతుంది, తీగలు ఎత్తవుతాయి, గొంతు కాస్త మొద్దుబారుతుంది. పొడి తగిలితే మళ్లీ దారికొస్తుంది. తేమ తక్కువైన గిటారు పగులుతుంది, పగిలింది దానంతటది అతుక్కోదు. రెండు తప్పుల్లో ఏది దిద్దుకోవచ్చో అటువైపే ఒరగాలి. నేను 45 దాటనివ్వను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది వినడానికి నిరుత్సాహంగా ఉంటుందని తెలుసు. రోజ్‌వుడ్ సెట్టు బల్ల మీద పెట్టుకుంటే పనివాడినైపోయానన్న భావన వస్తుంది. ఉప్పు మూతలో మీటరు పెట్టుకుంటే అలాంటిదేమీ కలగదు. అయినా మొదటి మూడు గిటార్లు అడితిలో దొరికే టేకుతోనో, మహాగనితోనో, పనసతోనో చెయ్యండి. విదేశీ యంత్రాలు వచ్చిన పెట్టెల పైన్ చెక్కలో తిన్నటి పోగున్న ముక్క దొరికితే మొదటి టాప్ దాంతోనే చెయ్యండి. మిగిలిన డబ్బు గదికి పెట్టండి. డబ్బిచ్చి కొనే మనిషి దగ్గరికి వెళ్లే గిటారు ఆ గదిలోంచే వెళ్లాలి. అతను మన గాలిని కొనుక్కోలేదు, వాద్యాన్ని కొనుక్కున్నాడు.

హైదరాబాదు గిటారుని మూడు వారాలు గదిలో ఉంచాను. పగులు దగ్గరపడింది కానీ పూర్తిగా మూసుకోలేదు. పోస్టుకార్డు పట్టేంత సందు మిగిలిపోయింది. ముసురులో అరువు తెచ్చుకున్న వెడల్పు అది. ఆ సందులోకి అదే స్ప్రూస్ నుంచి సన్నటి పుల్ల చెక్కి, జిగురుతో దించి, లోపల నుంచి పోగుకి అడ్డంగా ఐదు చిన్న పట్టీలు వేశాను. డబ్బు తిరిగి ఇస్తానన్నాను, అతను గిటారే కావాలన్నాడు. దాంతోపాటు ఒక మీటరు, దాని తప్పు రాసిన అట్టముక్క, పెట్టెలో పెట్టుకోవడానికి తడి స్పాంజి డబ్బా ఇచ్చి పంపాను. అప్పటి నుంచి ప్రతి గిటారుతోనూ ఆ మూడూ వెళ్తున్నాయి. మొన్న ఏప్రిల్‌లో మెసేజ్ పెట్టాడు: "28 చూపిస్తోందన్నా. పెట్టెలో పెట్టేశాను."

ఇవాళ విశాఖలో మళ్లీ ముసురు. పదో గిటారు టాప్ చిన్న గదిలో ఉంది. మొదటి రోజు 296 గ్రాములు తూగింది. మొన్న 285, నిన్న 284, ఈ ఉదయం 283. ఇంకా దిగుతోంది. జిగురు సీసా మూత తీయలేదు.